లైసెన్సు అక్కరలేని బండి

"లైసెన్సు అక్కరలేదు, రిజిస్ట్రేషను అక్కరలేదు, పెట్రోలు అక్కరలేదు." బ్యాటరీ బండ్లు అమ్మే దుకాణంలోకి పోతే మొదట వినిపించేవి ఈ మూడు మాటలే. పోయిన ఏడు యాసంగి వడ్ల పైసలు చేతికి రాగానే మా బాపు ఈ మాటలకే సంతోషపడి ఒక బండి కొన్నాడు. పదో తరగతి చదివే తమ్ముడు బడికి పోవడానికి పనికి వస్తుందని ఆయన ఆశ. డబ్బు కట్టిన తర్వాత దుకాణం పిల్లవాడు ఇంకొక మాట అన్నాడు: "కాకా, ఇది ఇరవై అయిదే పోతది. లాక్ తీసిస్తే నలభై అయిదు పోతది. తియ్యాల్నా?" "తియ్యి మరి" అన్నాడు బాపు. పక్కనే నిలబడ్డ నేను, భౌతికశాస్త్రం చదువుతున్నవాణ్ణి, నోరు మెదపలేదు. ఆ ఒక్క మాటకు అర్థమేమిటో తర్వాత తెలుసుకున్నాను. తోటి విద్యార్థులకు చెప్పాలనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదట చట్టం సంగతి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో బ్యాటరీ బండ్లకు ఒక మినహాయింపు ఉన్నది. మోటారు శక్తి 250 వాట్లకు తక్కువగా ఉండాలి. గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు. బ్యాటరీ కాక బండి బరువు 60 కిలోలకు మించకూడదు. సరైన బ్రేకులు, ముందు తెల్లని, వెనుక ఎర్రని రిఫ్లెక్టర్లు ఉండాలి. ఇవన్నీ ఉన్నాయని ప్రభుత్వం గుర్తించిన పరీక్షా సంస్థ ధ్రువీకరిస్తే, ఆ బండి చట్టం దృష్టిలో మోటారు వాహనమే కాదు; సైకిలుతో సమానం. పెడలు తొక్కుతుంటే మోటారు సాయపడే సైకిలుకైతే, వేగం 25కు చేరేసరికి ఆ సాయం ఆగిపోవాలి. యూరప్ దేశాల్లో కూడా ఇటువంటి సైకిళ్లకు 250 వాట్లు, 25 కిలోమీటర్లే హద్దు.

అంటే లైసెన్సు అక్కరలేదన్న మాట అబద్ధం కాదు, కాని అది షరతుతో కూడిన మాట. లాక్ తీసిన మరుక్షణం ఆ షరతు పోతుంది. బండి రంగు మారదు, రూపం మారదు. కాని అది రిజిస్ట్రేషను లేని, బీమా లేని మోటారు వాహనం అయిపోతుంది. పదిహేనేళ్ల పిల్లవానికి ఏ మోటారు బండికీ లైసెన్సు రాదు. 2019లో సవరించిన చట్టం 199-ఎ సెక్షను ప్రకారం మైనరు మోటారు వాహనం నడిపి నేరం చేస్తే తండ్రినో, సంరక్షకుణ్ణో, బండి యజమానినో దోషిగా భావిస్తారు. 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు కూడా పడవచ్చు. "తియ్యి మరి" అన్నప్పుడు మా బాపుకు ఇదంతా ఎవరు చెప్పారు?

కోతల కాలం వచ్చింది. మా దిక్కు కల్లాలు చాలక వడ్లు రోడ్డు మీదనే ఆరబోస్తారు. అది తప్పని తెలిసీ మేమూ పోస్తాం. ఒక సాయంత్రం తమ్ముడు మూల మలుపు తిరిగేసరికి ఎదురుగా ఒక అవ్వ వంగి వడ్లు నెరుపుతున్నది. బ్రేకు వేశాడు. వడ్ల మీద చక్రం జారింది. తమ్ముడికి మోచేతులు గీరుకుపోయాయి. అవ్వకు కాలు విరిగింది. దవాఖానలో ఆమె అన్న మాట నేను మరచిపోలేను: "చప్పుడే ఇనరాలే బిడ్డా." బీమా లేదు గనుక ఖర్చంతా బాపు మీదనే పడ్డది. ఖర్చు సంగతి అట్లుంచి, ఆ ఏడు అవ్వ మళ్లీ పొలం గట్టు ఎక్కలేదు.

ఆ రాత్రి నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. గంటకు 25 కిలోమీటర్లంటే సెకనుకు 7 మీటర్లు. మనిషిని చూసి బ్రేకు నొక్కడానికి ఒక సెకను, తర్వాత పొడి తారురోడ్డు మీద మంచి బ్రేకుకు మరో 5 మీటర్లు అనుకుంటే మొత్తం 12 మీటర్లలో బండి ఆగుతుంది. అదే 45 వేగంలో సెకనుకు పన్నెండున్నర మీటర్లు. బ్రేకు పడ్డాక మరో పదిహేనున్నర. మొత్తం 28 మీటర్లు. వేగం రెండింతలు కాలేదు, గతిశక్తి మాత్రం మూడింతలు దాటింది. 25 వేగంలో గుద్దుకోవడం రెండున్నర మీటర్ల ఎత్తు నుంచి పడటంతో సమానమైతే, 45లో అది 8 మీటర్లు. సైకిలు వంటి సన్నని బండికి, దాని చిన్న బ్రేకులకు ఈ తేడా చాలా పెద్దది. ఆ 25 అంకె ఎవరో ఊరికే రాసింది కాదని నాకప్పుడు అర్థమయింది.

బ్యాటరీ విషయం కూడా తేలికగా తీసుకోరాదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము ఉన్న భవనంలో మంటలు లేచి, పై అంతస్తుల లాడ్జిలో ఉన్నవారిలో 8 మంది చనిపోయారు. లిథియం బ్యాటరీలో ఒక సెల్లు అతిగా వేడెక్కితే ఆ వేడి పక్క సెల్లుకు పాకుతుంది, ఆర్పడం కష్టం. కనుక హాస్టలు గదిలో, తలుపు దగ్గర, మెట్ల కింద చార్జింగు పెట్టవద్దు. రాత్రంతా వదిలేసి నిద్రపోవద్దు. కంపెనీ ఇచ్చిన చార్జరే వాడాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ముట్టవద్దు.

నేను ఈ బండ్లకు వ్యతిరేకిని కాను. పల్లె నుంచి చదువుకు వచ్చే పిల్లలకు ఇవి వరమే. వేగం కావాలనుకున్నవారు 18 ఏళ్లు నిండాక లైసెన్సు తీసుకొని, ఆకుపచ్చ నంబరు ప్లేటు బండి కొనవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇటువంటి బండ్లకు 2026 డిసెంబరు ఆఖరు వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను ఫీజు మాఫీ చేసింది. 25 బండి చాలనుకున్నవారు కొనేటప్పుడు ధ్రువపత్రం అడిగి చూడండి. చట్టం అడగకపోయినా హెల్మెటు పెట్టుకోండి. మలుపుల్లో, కోమటి చెరువు కట్ట దిక్కు సాయంత్రం నడిచేవాళ్ల వెనుక, హారను కొట్టి నెమ్మదిగా పోండి. మన బండికి చప్పుడు లేదు. లారీలు పోయే రాజీవ్ రహదారిని తప్పించి ఊరి దారి ఉంటే అదే పట్టండి.

దవాఖాన నుంచి వచ్చిన వారంలోనే బాపు ఆ దుకాణానికి పోయి లాక్ మళ్లీ వేయించాడు. తమ్ముడు ఇప్పుడు అదే బండి మీద, 25 దాటకుండా బడికి పోతున్నాడు. పొద్దున అవ్వ ఇంటి ముందు బండి ఆపి, మంచినీళ్ల బిందె లోపల పెట్టి పోతాడు. అట్లా చెయ్యమని వానికి ఎవరూ చెప్పలేదు.