ప్రోగ్రాము వ్రాయుటకు ముందు

ప్రోగ్రాములు వ్రాయుట నేర్వవలెనని ఉత్సాహముతో కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థి, నాలుగు పంక్తులైనను వ్రాయకమునుపే విసిగి లేచిపోవుట కలదు. ఇంట చదువుకొను పిల్లలున్న శ్రోతలకు ఇది క్రొత్త కాదు. లోపము వాని బుద్ధిలో లేదు. పడుగు సరిచేయకయే నేతకు కూర్చున్నాడు, అంతే. ఆ సరిచేసికొనుటనే ఈ వృత్తివారు ‘డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్’ను ఏర్పరచుకొనుట యందురు. పలువురు మొట్టమొదట నేర్చుకొను పైథాన్ భాషను ఉదాహరణముగా గొని దీనిని వివరింతుము. (1991లో వెలువడిన ఈ భాషకు ఆ పేరు కొండచిలువ వలన రాలేదు; ఒక బ్రిటిష్ హాస్య ప్రదర్శన వలన వచ్చినది.)

వ్రాయుటకు ఒక ఎడిటరు కావలెను. ఏ ఎడిటరు మేలన్న వాదము ఎన్నటికిని తెగదు గనుక దానిని విడిచెదము. తెలుగు అక్షరములతో పనిచేయువారు మాత్రము ఫైలు యుటిఎఫ్-8 పద్ధతిలో భద్రమగుచున్నదా యని చూచుకొనవలెను.

తరువాతిది ‘పాత్’. ఆజ్ఞ యిచ్చినపుడు కంప్యూటరు ఏయే ఫోల్డరులలో, ఏ వరుసను వెదుకవలెనో తెలుపు జాబితాయే పాత్. పైథాన్ ఉన్న ఫోల్డరు అందులో లేనిచో, పైథాన్ కంప్యూటరులోనే యున్నను పిలిచినపుడు పలుకదు.

అసలు చిక్కు లైబ్రరీలది. అంకెల లెక్కలకు వాడు నమ్‌పై అను లైబ్రరీకి 2024 జూన్‌లో 2.0 వెర్షను వచ్చినది. పాతవానిలోని కొన్ని పేర్లను అందులో తొలగించిరి. ఆ పేర్లతో వ్రాసిన ప్రోగ్రాము క్రొత్తదానితో నడువదు. రెండు వెర్షనులు ఒకేచోట నిలువవు. క్రొత్త పనికై తెచ్చినది పాత పనిని చెరచును. లినక్స్‌లో ప్రమాదము మరింత పెద్దది. అచట ఆపరేటింగ్ సిస్టమ్ పనిముట్లు కొన్ని పైథాన్ పైననే ఆధారపడియున్నవి. అందుచేతనే 2023లో వచ్చిన డెబియన్ 12, పిప్ ద్వారా ఎవరైనను లైబ్రరీలను సిస్టమ్‌లోనికి నేరుగా చేర్పబోయిన, సాధారణముగా నిరాకరించును. ఈ కట్టుబాటు సరియైనదనియే మా అభిప్రాయము.

పరిహారము, పనికొక గది. 2012లో పైథాన్ 3.3తోపాటు వచ్చిన ‘వెన్వ్’ ఈ పని చేయును. దీని వలన ఒక్కొక్క పనికి ఒక ఫోల్డరు ఏర్పడి, ఆ పని లైబ్రరీలు అందులోనే యుండును. దానిని ‘యాక్టివేట్’ చేయుటలో ఇంద్రజాలమేమియు లేదు. ఆ ఫోల్డరు పేరు పాత్ జాబితాలో అన్నిటికంటె ముందు చేరును. టెర్మినల్ క్రొత్తగా తెరచినప్పుడెల్ల తిరిగి చేయవలెను. గది చెడినచో తీసివేసి మరల కట్టుకొనవచ్చును. కావున మనము వ్రాసిన ఫైళ్ళను అందులో దాచరాదు.

ఆ ఫోల్డరును పెన్‌డ్రైవులో నెక్కించి కళాశాలకు గొనిపోయిన ప్రయోజనము లేదు. ఇంటి కంప్యూటరులోని చిరునామాలే అందులో నుండును. లైబ్రరీల పేర్లను, వెర్షనులను ‘పిప్ ఫ్రీజ్’తో ఒక ఫైలులో వ్రాయించి, ఆ జాబితాను గొనిపోవలెను. అచట క్రొత్త గది కట్టి జాబితా నిచ్చిన, పిప్ ఆ వెర్షనులనే తెచ్చిపెట్టును. పైథాన్ ఏ వెర్షనో మాత్రము ఆ జాబితాలో నుండదు. దానిని విద్యార్థియే వేరుగా వ్రాసికొనవలెను.