ఆవిరి పని చేయాలంటే గాలి పోవాలి

చిన్న క్లినిక్‌లో కుట్లు వేసే ఫోర్సెప్స్, కట్టు కత్తిరించే కత్తెర, పన్ను పీకే పటకారు ఒకరి తర్వాత ఒకరికి వాడేవే. సబ్బునీళ్లతో తోమితే నెత్తురు పోతుంది, సూక్ష్మజీవులు తగ్గుతాయి. ఒక్కటీ మిగలకుండా చంపడం వేరే పని. గాజు సిరంజిల కాలంలో స్టీలు డబ్బాలో నీళ్లు పోసి మరిగిస్తే ఆ పని అయిపోయిందనుకునేవారు. అవలేదు.

100 డిగ్రీల దగ్గర మామూలు బాక్టీరియా నిమిషాల్లో చస్తాయి. ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రీడియం మాత్రం స్పోరుగా మారి కూర్చుంటుంది. స్పోరు నడిమి భాగంలో నీరు చాలావరకు పోయి, కాల్షియంతో కలిసిన డైపికోలినిక్ ఆమ్లం చేరుతుంది. నీరు కరువైన చోట ప్రొటీన్లు వేడికి త్వరగా చెడవు. కందిపప్పును ఎంతసేపు వేయించినా మెత్తబడదు, నీళ్లు పోస్తేనే ఉడుకుతుంది. ఇదీ అలాంటిదే.

ఈ స్పోర్లు 19వ శతాబ్దంలో పెద్ద పెద్దవాళ్లను తికమక పెట్టాయి. జీవం తనంత తానే పుడుతుందని వాదించిన ఫెలిక్స్ పూషే 1863లో పిరనీస్ పర్వతాలెక్కి, మరిగించిన ఎండుగడ్డి కషాయం ఉన్న సీసాలను అక్కడి గాలికి తెరిచాడు. అన్నిటిలోనూ జీవం కనిపించింది. ఆ వాదనను కాదన్న పాశ్చర్ వాడింది ఈస్టు కషాయం, అది మరిగాక శుభ్రంగానే నిలిచింది. ఫ్రెంచి అకాడమీ పాశ్చర్ వైపు మొగ్గింది. పూషే సిద్ధాంతం తప్పే, కానీ సీసాల్లో చూసింది నిజం: గడ్డిలోని బాసిల్లస్ స్పోర్లు మరుగుకు చావవు. ఆ సంగతి 1876లో ఫెర్డినాండ్ కోన్ వివరించేదాకా తేలలేదు. ఆ మరుసటి ఏడాది జాన్ టిండాల్, ఒకేసారి గంటలకొద్దీ మరిగించడం కన్నా విడతలు విడతలుగా కాసేపు మరిగించడం మేలని చూపాడు. మధ్య విరామంలో స్పోర్లు మొలకెత్తి మెత్తబడతాయి, తర్వాతి మరుగులో చస్తాయి. పూషేలాగే వాదించిన బాస్టియన్ పాశ్చర్‌తో పడిన తగాదా పుణ్యమా అని, పాశ్చర్ శిష్యుడు షార్ల్ షాంబర్లాన్ 1879లో ఆవిరిని ఒత్తిడిలో బంధించి 100 డిగ్రీలు దాటించే ఆటోక్లేవ్ తయారుచేశాడు.

ఆటోక్లేవ్‌లో అసలు అందం ఒత్తిడిది కాదు, ఆవిరిది. 160 డిగ్రీల ఓవెన్‌లో ఒక్క క్షణం చెయ్యి పెట్టి తీయవచ్చు; 100 డిగ్రీల ఇడ్లీ పాత్ర మూత తీయగానే తగిలే ఆవిరి మాత్రం చెయ్యి కాల్చేస్తుంది. గ్రాము ఆవిరి చల్లటి కత్తెరను తాకి నీరుగా మారితే దాదాపు 2,260 జౌళ్ల గుప్తోష్ణం కత్తెరకు ఇచ్చేస్తుంది. అదే గ్రాము నీరు ఒక డిగ్రీ చల్లారితే ఇచ్చేది 4.2 జౌళ్లే. పైగా నీరుగా మారిన ఆవిరి వందల రెట్లు కుంచించుకుపోతుంది. ఖాళీ అయిన చోటికి కొత్త ఆవిరి దూసుకొస్తుంది. వేడితోపాటు స్పోరుకు నీరూ అందుతుంది. అందుకే పొడి వేడికి 160 డిగ్రీల దగ్గర రెండు గంటలు పట్టే పనిని ఆవిరి 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాల్లో ముగిస్తుంది.

దీనికి శత్రువు గాలి. కుక్కర్‌కు ఆవిరి ధారగా వచ్చాకే వెయిట్ పెట్టమని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాట ఆటోక్లేవ్‌కూ చెల్లుతుంది. ఒత్తిడి మీటరు చదరపు అంగుళానికి 15 పౌండ్లు చూపిస్తున్నా, లోపలి గాలిలో సగమే పోయి ఉంటే వేడి 112 డిగ్రీలే. అసలు పోకపోతే 100. మీటరు అబద్ధం చెప్పదు, అడిగినదానికే జవాబిస్తుంది. గాలి ఆవిరికన్నా బరువు కాబట్టి వెల్లకిలా పెట్టిన గిన్నెలో నీళ్లలా నిలిచిపోతుంది. గిన్నెలో నీళ్లుంటే ఒలికిపోయేలా పక్కకు వంచి పెట్టాలి. కత్తెర తెరిచి ఉంచాలి. డ్రమ్ములో గుడ్డలు కుక్కకూడదు. ఎంత ఖరీదైన యంత్రం కొన్నా ఈ సర్దుడు చేతకాకపోతే వృథా.

ప్యాకెట్టు మీద చారలు నల్లబడే టేపు ఆ ప్యాకెట్టు ఆవిరిలోకి వెళ్లివచ్చిందని మాత్రమే చెబుతుంది. రిజిస్టరులో అతికించిన చారలు చూసి సంతృప్తిపడే తనిఖీ అందుకే సగం తనిఖీ. గట్టి సాక్షి జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ స్పోర్లు పూసిన కాగితం పట్టీ. దాన్ని సామాన్ల నడుమ పెట్టి, తర్వాత పోషక ద్రవంలో వేసి 55-60 డిగ్రీల దగ్గర పొదగాలి. రంగు మారితే స్పోర్లు బతికాయన్నమాట. ఆ విడత సామాన్లన్నీ వెనక్కి. ఆటోక్లేవ్‌లో పెట్టని మరో పట్టీనీ పక్కనే పొదగాలి. అది కూడా రంగు మారకపోతే పట్టీలే చచ్చినవి, పరీక్ష చెల్లదు.