రాతితల్లి మొర

రాబోవు కాలమును గూర్చి కథలల్లుట అంత కష్టము కాదు. కథకుడు తలచినచో నక్షత్రముల మీదికి ఓడను నడపవచ్చును. మనుష్యుని రెప్పపాటులో ఒక లోకమునుండి వేరొక లోకమునకు దింపవచ్చును. కాని ఆ కథలో స్త్రీ యెక్కడ కూర్చున్నది, ఆమె మాటను ఎవరు విన్నారు అని చూచినచో, కథకుడు తన కాలమును నిజముగా దాటినాడో లేదో తెలిసిపోవును. ఈ కొలబద్దను చేతబట్టుకొని, అమెరికాలో పుట్టిన ‘స్టార్ ట్రెక్’ అను టెలివిజను కథామాలయొక్క తొలి సీజనును ఇటీవల మరల మొదటినుండి తుదివరకు చూచితిని. అందు నాకు తోచిన మంచిచెడ్డలను మీకు విన్నవించుచున్నాను.

ఈ సీజను 1966 సెప్టెంబరు 8వ తేదీన మొదలై 1967 ఏప్రిల్ 13వ తేదీన ముగిసెను. మొత్తము 29 భాగములు. జీన్ రాడెన్‌బెరీ దీనిని కల్పించెను. ఎంటర్‌ప్రైజు అను నౌక నక్షత్రముల నడుమ తిరుగుచు క్రొత్త లోకములను, క్రొత్త ప్రాణులను వెదకుట ఇందలి కథ. కిర్క్ నౌకాధిపతి. స్పాక్ మన భూలోకపు తల్లికిని, వల్కన్ గ్రహవాసియైన తండ్రికిని పుట్టినవాడు. మెకాయ్ వైద్యుడు. దీనిని నిర్మించిన డెసిలూ సంస్థకు అప్పుడు అధినేత్రి లూసిల్ బాల్ అను ప్రసిద్ధ నటీమణి. కథారచనలో డొరొతీ ఫాంటానా అను స్త్రీకి గొప్ప పాలు కలదు. అయినను తెరమీద ఆమె పేరు డి.సి. ఫాంటానా అని పొడి అక్షరములతోనే కనబడును.

ముందుగా మేలైన దానిని చెప్పెదను. 1967 మార్చి 9వ తేదీన ప్రసారమైన ‘ది డెవిల్ ఇన్ ది డార్క్’ అను భాగమును జీన్ కూన్ వ్రాసెను. ఒక గ్రహమున గనులు త్రవ్వు పనివారిని ఏదో భూతము చంపుచుండును. దానిది శిలాదేహము, రాతిని కరగించుకొనుచు నీటిలో చేపవలె సాగిపోవును. పేరు హోర్టా. అందరును దానిని చంపవలెననియే ఆయుధములతో బయలుదేరుదురు. స్పాక్ తన జాతివారి విద్యచేత దాని మనస్సును తాకినపుడు నిజము బయటపడును. ఏబదివేల యేండ్లకొకమారు ఆ జాతి యంతయు నశించి, ఒక్క ప్రాణి మాత్రము మిగిలి రాబోవు సంతతికి కాపుండును. పనికిమాలిన గుండ్రాళ్లని పనివారు వేలకొలది పగులగొట్టినవి దాని గ్రుడ్లే! బిడ్డలను చంపువారి మీద తల్లి తిరుగబడినది, అంతే. సంగతి తెలిసిన పనివారు ఆయుధములు దించి దానితో ఒడంబడిక చేసికొందురు. మెకాయ్ దాని గాయమునకు కాంక్రీటు మెత్తి బ్రతికించును. మనకు పోలికయే లేని ప్రాణిలో మాతృహృదయమును గుర్తింపజేసిన ఈ కథను నేను ఎన్నిమారులైనను చూడగలను.

అయితే ఇంత చక్కని మాతృకథలో మానవస్త్రీ ఒక్కతెయైనను నోరు విప్పి పలుకదు. తల్లి వేదనను సయితము స్పాక్ తన గొంతుతో మొరపెట్టును. ఇది యొక్క భాగపు లోపమైనచో నేను పట్టించుకొనకపోదును. సీజనంతటను ఇట్టిదే కనబడుచున్నది.

‘ది ఎనిమీ విదిన్’ అను భాగమున యంత్రలోపముచేత కిర్క్ ఇద్దరు మనుష్యులగును. వారిలో దుష్టుడు జానిస్ రాండ్ అను ఉద్యోగినిపై బలాత్కారమునకు పూనుకొనును. ఆమె తన అధికారిని గూర్చి వణకుచు సాక్ష్యము చెప్పవలసివచ్చును. కథ తుదిని స్పాక్ ఆమెతో, ఆ దుష్టునిలోను కొన్ని ఆకర్షణలుండెను గదా యని పరిహాసమాడును! నవ్వుటకై వ్రాసిన ఆ మాట నేడు ముల్లువలె గుచ్చుకొనును. మరికొన్ని భాగములైన పిదప రాండ్ కథనుండి మాయమగును. ఆమె యేమైనదని నౌకలో ఎవ్వరును అడుగరు.

‘ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’ అను భాగము ఈ సీజనుకే మకుటమని పలువురు మెచ్చుకొందురు. 1930వ సంవత్సరపు న్యూయార్కు నగరమున బీదలకు అన్నము పెట్టుచున్న ఈడిత్ కీలర్ అందలి నాయిక. ఆమె మరణించిననే చరిత్ర సరిగా నడచునని కిర్క్, స్పాక్ తెలిసికొందురు. కిర్క్ ఆమెను ప్రేమించియు రక్షింపడు. దుఃఖభరితమైన కథయే. కాని భావికాలమును అంతగా ఊహింపగల ఆ స్త్రీకి తన ప్రాణమును గూర్చిన నిర్ణయము ఒక్క మాటగానైన తెలియదు.

“ఆ కాలమే అట్టిది, ఏమి చేయుదురు?” అని కొందరందురు. ఆ సమాధానము నాకు చాలదు. 1964వ సంవత్సరాంతమున తీసిన మొట్టమొదటి నమూనా చిత్రములో నౌకకు రెండవ అధికారి యొక స్త్రీ. మేజెల్ బారెట్ ఆ పాత్ర ధరించెను. ఆ చిత్రమును ప్రసారసంస్థ అంగీకరింపలేదు. రెండవ నమూనాలో ఆ స్త్రీ లేదు. ఆమె నిబ్బరము, తర్కబుద్ధి స్పాకునకు సంక్రమించెను. బారెట్ తరువాత నర్సు చాపెల్‌గా తిరిగివచ్చెను. విచిత్రమేమనగా, ఆ పాత చిత్రమునే 1966 నవంబరులో ‘ది మెనాజరీ’ అను రెండు భాగములలో చొప్పించి, పదుమూడేండ్ల నాటి ముచ్చటగా చూపిరి. ఆ విధముగా ఆజ్ఞలిచ్చు స్త్రీ భావికాలపు కథలో గడచినకాలపు మనిషియైనది! ఊహకు అందనందున ఆమె లేకపోలేదు. ఊహించిన పిదపనే ఆమెను తొలగించిరి.

ఉహూరాను మరువరాదు. స్వాహిలీ భాషలో స్వాతంత్ర్యమును తెలుపు మాటనుండి ఆ పేరు వచ్చినది. నల్లజాతి స్త్రీ నౌకాధికారిణిగా ప్రతివారము కనబడుట ఆనాటి అమెరికాలో చిన్న సంగతి కాదు. ‘బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్’ అను భాగమున ఆమె దారిచూపు అధికారి స్థానమున కూర్చుండి ఆ పనిని చక్కగా నెరవేర్చును. అయినను పెక్కు భాగములలో వార్త వచ్చినదని చెప్పుటకంటె ఆమెకు పనిలేదు. తొలి సీజను పిదప మానుకొందునన్న తనను మార్టిన్ లూథర్ కింగ్ వారించెనని నటి నిషెల్ నికోల్స్ తరువాత చెప్పుకొన్నది. అల్పమైన పాత్రకు ఆమె తన నిండుదనముచేత గౌరవము తెచ్చెను.

ఇన్ని చెప్పినంత మాత్రమున ఈ కథలను పిల్లలకు చూపవలదని నా భావము కాదు. తప్పక చూపుడు, ప్రక్కన కూర్చుండి చూడుడు. మనవంటివారు కానివారి మొరను ఆలకింపుమని రాతితల్లి కథ నేర్పుచున్నది. ఆ నేర్పిన పాఠమునే ఆ కథలకు అప్పగించి పరీక్షించుట మన పని. భాగము ముగిసిన పిదప, “ఇందులో ఎవరు మాటాడలేదు? ఎవరిని అడుగక నిర్ణయించిరి?” అని ఆడపిల్లలను, మగపిల్లలను కూడ అడుగుడు. వారు తడుముకొన్నచో తొందరపెట్టక, ఆ భాగమును మరియొకమారు చూడనిండు.