బొమ్మ సైనికుడు – రంగులు, పీఠం

బొమ్మలతో యుద్ధం చేయటం పసిపిల్లల కాలక్షేపం కదా అని కొందరు పాఠకులకు అనిపించవచ్చును. కాని చదరంగం ఆడే పెద్దలను ఎవరూ పసిపిల్లలని అనరు. నిజానికి చదరంగం కూడ బొమ్మల యుద్ధమే. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం అనే నాలుగు అంగాలు కల సేనకు చతురంగమని పేరు. మన దేశంలో పుట్టిన ఆ ఆట పారశీకంలో చత్రంగ్ అయి, అరబ్బుల నోట షత్రంజ్ అయి, ఐరోపాకు చేరినది. మన మంత్రి అక్కడి రాణిగా మారినాడు. ఆ ఐరోపాలోనే చదరంగం నుండి మరొక శాఖ చీలి, బల్ల మీద చిన్న చిన్న సైనికుల బొమ్మలను నిలిపి, పాత యుద్ధాలను తిరిగి పరిశీలించే ఆటగా పెరిగినది. ఆ బొమ్మలకు రంగులు ఎట్లు వేస్తారు, వాటిని పీఠాలపై ఎట్లు నిలుపుతారు, ఆ శ్రమలో విద్యార్థికి ఉపకరించేది ఏమిటి అన్నది ఈ వ్యాస విషయం.

ఆట పుట్టుక

1780లో జర్మనీలోని బ్రున్స్‌విక్‌లో హెల్విగ్ అనే గణిత పండితుడు చదరంగాన్ని విస్తరించి, గళ్లకు నేల స్వభావాన్ని కల్పించి, యుద్ధక్రీడను రూపొందించినాడు. తరువాత ప్రష్యాకు చెందిన రైస్‌విట్జ్, ఆయన పిమ్మట ఆయన కుమారుడు, గళ్లను పూర్తిగా విడిచిపెట్టినారు. కుమారుడు 1824లో ప్రకటించిన నియమాలలో 1:8000 కొలతతో గీసిన పటం, పాచికలు, ఇరుపక్షాల నడుమ ఒక మధ్యవర్తి కనిపిస్తారు. ఒక పక్షానికి ఎర్ర దిమ్మలు, మరొక పక్షానికి నీలి దిమ్మలు. ఒక దళం నిజమైన భూమిపై ఎంత వెడల్పు ఆక్రమించునో, పటం కొలత ప్రకారం దాని దిమ్మ కూడ అంతే వెడల్పు. ఈ ఒక్క విషయాన్ని పాఠకులు గుర్తుంచుకొనవలెను. పీఠమునకు మూలం ఇక్కడనే ఉన్నది.

సైనికాధికారుల ఈ అభ్యాసాన్ని సామాన్యుల ఇంటి నేల మీదికి తెచ్చిన రచయితలలో ముఖ్యుడు హెచ్. జి. వెల్స్. ఆయన గ్రంథం ‘లిటిల్ వార్స్’ 1913లో వెలువడినది. పాచికలకు బదులు చెక్క గుళ్లను విసిరే చిన్న ఆట ఫిరంగులతో ఆయన బొమ్మ సైనికులను పడగొట్టేవాడు. 1962లో డోనాల్డ్ ఫెదర్‌స్టోన్ వ్రాసిన ‘వార్ గేమ్స్’ అనే పుస్తకం ఇంగ్లండులో ఈ ఆటను ఎందరికో పరిచయం చేసినది.

బొమ్మ పలికే మాట

బొమ్మను ఎక్కడ నిలుపుతామన్నది చిన్న విషయం కాదు. 1830లో బ్రిటిష్ సైనికాధికారి విలియం సిబోర్న్‌కు వాటర్లూ యుద్ధం యొక్క నమూనాను తయారుచేసే పని అప్పగించబడినది. ఆయన ఎనిమిది నెలల పాటు ఆ యుద్ధభూమిలోని లా హే సాంత్ అనే పొలపు ఇంట నివసించి నేలను కొలిచినాడు. యుద్ధంలో పాల్గొన్న అధికారులకు లేఖలు వ్రాసి, ఎవరి దళం ఏ వేళకు ఎక్కడ ఉన్నదో సేకరించినాడు. ప్రభుత్వం నుండి వచ్చే ధనం నిలిచిపోగా అప్పులపాలైనాడు. చివరకు 1838లో 70,000కు పైగా చిన్న లోహపు బొమ్మలు కల ఆ నమూనా లండన్‌లో ప్రదర్శింపబడినది. అంతటితో వివాదం ముగియలేదు. విజయంలో ప్రష్యన్ సేనకు సిబోర్న్ ఇచ్చిన పాలు అధికమని వెల్లింగ్టన్ పక్షం వారు అభ్యంతరం చెప్పినారు. తరువాత ఆయన ఆ సేన అమరికను మార్చవలసి వచ్చినది. గోరంత సీసపు బొమ్మలు కొన్ని బల్లపై ఉండుటయా, లేకుండుటయా అన్నది ఒక దేశపు గౌరవానికి సంబంధించిన ప్రశ్న అయినది. ఆ నమూనా నేటికీ లండన్‌లోని జాతీయ సైనిక ప్రదర్శనశాలలో ఉన్నది.

కనుక బొమ్మ సైనికుడు ఊరక నిలబడడు, ఒక మాట పలుకుతాడు. అతని రంగులు “మేము ఇట్లు ఉండేవారము” అని చెప్తాయి. అతని పీఠం “మేము ఇందరము, ఇంత నేలపై నిలిచినాము” అని చెప్తుంది. ఈ రెండు మాటలూ నిజం కావలెనంటే పనివాని చేతిలో ఓర్పు, కంటిలో పరిశీలన ఉండవలెను.

రంగులు వేయు విధానం

నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న బొమ్మలు 28 మిల్లీమీటర్లు, 15 మిల్లీమీటర్లు, 6 మిల్లీమీటర్ల పరిమాణంలో ఉంటాయి. అచ్చులో పోసిన బొమ్మ ఒంటిపై రెండు అచ్చులు కలిసిన చోట సన్నని గీత నిలుస్తుంది. దానిని చిన్న ఆకురాయితోనో చాకుతోనో తొలగించవలెను. లేనిచో రంగు వేసిన తరువాత అది మచ్చ వలె బయటపడుతుంది. అచ్చుకు పూసిన జిడ్డు పోవుటకు సబ్బు నీటిలో కడిగి ఆరబెట్టవలెను.

తరువాతది అడుగు పూత. మన కొండపల్లి పనివారు తెల్ల పొణికి కర్రతో బొమ్మను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నపు పూత పూసిన పిమ్మటనే రంగులకు పూనుకుంటారు. లోహపు బొమ్మకు కూడ న్యాయం అదే. అడుగు పూత లేనిదే రంగు పట్టదు. తెల్ల పూతపై రంగులు ప్రకాశిస్తాయి, నల్ల పూత మడతలలో నీడగా నిలుస్తుంది, బూడిద రంగు ఈ రెంటికీ మధ్యస్థం. ఈ పూతను పిచికారీ డబ్బాతో వేసేవారు వాతావరణం చూచుకొనవలెను. ఒక వానాకాలపు సాయంత్రం తొందరపడి నేను పిచికారీ చేయగా, గాలిలోని తేమ వలన పూత గరుకెక్కి, ఇరవై మంది సైనికులు ఇసుకలో దొర్లినట్లు తయారైనారు. వారందరినీ మరల గీకి కడుగుటకు ఒక ఆదివారం పట్టినది.

రంగును చిక్కగా ఒకసారి పూయుట కంటె, నీటితో పలుచన చేసి రెండుసార్లు పూయుట మేలు. చిక్కని రంగు ముఖరేఖలను, గుండీలను పూడ్చివేస్తుంది. ముందు లోపలివి, పిదప పైవి అన్నది క్రమం. అనగా మొదట చర్మం, తరువాత దుస్తులు, ఆపై పట్టీలు, చివరకు ఆయుధాలు. సేన పెద్దదైనప్పుడు ఒక్కొక్క బొమ్మను పూర్తిచేయక, ఒక రంగును వరుసగా అందరికీ వేసి, తరువాతి రంగుకు పోవుట మంచి పద్ధతి.

ఇక నీడ. నిండు మనిషి దుస్తుల మడతలలో వెలుగు తానే నీడను కల్పిస్తుంది. అంగుళం ఎత్తు బొమ్మపై మడతల లోతు స్వల్పం కనుక ఆ నీడ చాలదు. కావున చిత్రకారుడే నీడను వేయవలెను. ముదురు రంగును బాగా పలుచన చేసి పూస్తే అది పల్లాలలోకి జారి అక్కడ నిలుస్తుంది. పిదప కుంచెను లేత రంగులో ముంచి, రంగు దాదాపు పోయేవరకు గుడ్డకు తుడిచి, ఉబ్బెత్తు భాగాలపై తేలికగా రాస్తే వాటి అంచులు మాత్రమే వెలుగుతాయి. దీనిని పొడి కుంచె పని అంటారు. గుర్రపు జూలుకు, గొలుసు కవచానికి ఇది మిక్కిలి తగినది. ఆటగాడు బొమ్మను రెండు మూడు అడుగుల దూరం నుండి చూస్తాడు. ఆ దూరంలో కనుపాప కనిపించదు, వెలుగునీడల భేదమే కనిపిస్తుంది. చివరగా వార్నిష్ పూయవలెను. మెరుపు కలది గట్టిగా నిలుస్తుంది. దానిపై మెరుపు లేనిది పూస్తే బొమ్మ అద్దం వలె మెరవదు.

ఒక హెచ్చరిక తప్పనిసరి. పాత బొమ్మలలో సీసం విస్తారంగా ఉండేది. 1990 దశకంలో అనేక తయారీదారులు సీసం లేని తగరపు మిశ్రమాలకు మారినారు. అయినను పాతవి చేతులు మారుతూనే ఉంటాయి. సీసం విషం. దానిని ఆకురాయితో రుద్దినప్పుడు లేచే పొడి శరీరంలోనికి పోరాదు. పని చేయునప్పుడు ఏమీ తినరాదు, కుంచె మొనను నోట తడుపరాదు, పని ముగియగానే చేతులు కడుగుకొనవలెను.

పీఠం చెప్పే లెక్క

పీఠం లేనిదే బొమ్మ నిలువదు. అయితే నిలబెట్టుట దాని పనులలో మొదటిది మాత్రమే. ఆటగాడు పీఠాన్ని పట్టుకొని కదిలిస్తాడు కనుక బొమ్మపై రంగు చెడదు. అన్నిటికంటె ముఖ్యమైనది, పీఠం దళం యొక్క స్వభావాన్ని తెలుపుతుంది. 1990లో ఫిల్ బార్కర్ తదితరులు వెలువరించిన ‘డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్’ అనే ప్రాచీన యుద్ధాల నియమావళిని చూడండి. అందులో 15 మిల్లీమీటర్ల బొమ్మలకు ప్రతి పీఠం వెడల్పు 40 మిల్లీమీటర్లే. దట్టంగా నిలిచి పోరాడే బల్లెపు కాల్బలమైతే ఆ వెడల్పులో నలుగురు, అశ్వికులైతే ముగ్గురు, చెదరి తిరిగే తేలిక భటులైతే ఇద్దరు, ఏనుగైతే ఒక్కటి. పీఠంపై తలలు లెక్కిస్తే ఆ దళం భుజం భుజం కలిపి నిలిచినదో, విడివిడిగా పోరాడినదో తెలిసిపోతుంది. పక్షానికి 12 పీఠాలతో ఆట మొదలవుతుంది. ఒక సామాన్యమైన బల్లపై పట్టే సేన ఇది.

తయారీ కష్టం కాదు. రెండు మూడు మిల్లీమీటర్ల మందం కల అట్టనో ప్లైవుడ్ పలకనో కొలత ప్రకారం కోసి, బొమ్మలను అతికి, వాటి పాదాల చుట్టూ వడ్రంగులు వాడే తెల్ల బంక పూసి, జల్లించిన ఇసుకలో అద్దవలెను. ఆరిన పిదప ముదురు గోధుమ రంగు పూసి, లేత రంగుతో పొడి కుంచె పని చేసి, అక్కడక్కడ కృత్రిమ పచ్చికను అంటించవలెను. ఒక సేనలోని పీఠాలన్నిటికీ నేల ఒకే తీరుగా ఉంటే, రంగురంగుల దళాలు ఒక్క సేనగా కనిపిస్తాయి.

ఇక్కడ కూడ సత్యం మరువరాదు. నేను మొదట తయారుచేసిన ఒంటెల దళం పీఠాలపై ముచ్చటపడి దట్టమైన పచ్చికను అంటించితిని. ఒక మిత్రుడు చూచి, “ఎడారి ఒంటెలకు ఇంత పచ్చిక ఎవరు నాటినారండీ?” అని అడిగినాడు. రంగులన్నీ పుస్తకం చూచి వేసినాను, నేలను మాత్రం చూడలేదు. ఆ రాత్రి పచ్చికంతా పెరికివేసి ఇసుకను మిగిల్చినాను.

బొమ్మ వెనుక మనిషి

యుద్ధాన్ని ఆటగా చేయటం తగునా అని కళాశాల పెద్దలు అడిగితే, అది న్యాయమైన ప్రశ్నే. వెల్స్ తన పుస్తకం చివర దానికే సమాధానం చెప్పినాడు. బొమ్మల యుద్ధంతో పోల్చి చూచినచో అసలు యుద్ధం ఎంత వెర్రి, ఎంత వ్యర్థమో తెలుస్తుందన్నది ఆయన వాదం. మరుసటి సంవత్సరమే, 1914లో, మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినది.

పలు నియమావళులలో ఒక బొమ్మ 20 మంది మనుషులకు ప్రతినిధి. పాచిక పడగానే ఒక బొమ్మను బల్ల మీద నుండి తీసి పెట్టెలో వేస్తాము. దుకాణంలో రంగులు వేసినవి కొన్నవానికి అది ఒక బొమ్మ మాత్రమే. కాని ఆ ముఖానికి తానే నీడ దిద్దినవానికి, ఆ పట్టీని తానే గీచినవానికి, ఇరవై ముఖాలు ఒక్క క్షణం గుర్తుకు వస్తాయి. చరిత్ర పుస్తకంలో “ఇన్ని వేలమంది మడిసిరి” అనే వాక్యాన్ని అతడు ఇకపై తొందరగా దాటిపోలేడు.

విద్యార్థి మిత్రులకు నా మనవి ఇంతే. లోహపు బొమ్మలు దొరకకపోతే మట్టితో చేయండి, అట్టపై గీచి కత్తిరించండి. ఒక యుద్ధాన్ని ఎన్నుకొని, ఎవరు ఏ రంగు తొడిగినారో, ఏ నేలపై ఎందరు నిలిచినారో గ్రంథాలయంలో వెదకండి. పక్షానికి 12 పీఠాలు చాలు. చరిత్ర శాఖలో ఒక మూల ఒక బల్లకు చోటిస్తే, కమిటీ వారు ఆ పని ముగిసే నాటికి పరీక్ష కొరకు కాక తెలుసుకొనుట కొరకు చదివిన విద్యార్థులను ఆ బల్ల చుట్టూ చూడగలరు.