వెనుకటి పెండ్లిండ్ల జాడలు

వంశవృక్షము వ్రాయఁబూనినవారికి మొదటి చిక్కు స్త్రీల పేరులకడ వచ్చును. పెండ్లితో ఆఁడుబిడ్డ గోత్రమును, ఇంటిపేరును మాఱును. రెండు తరములు గడచినంతట ముత్తవ్వ యేయింటి యాఁడుపడుచో చెప్పువారుండరు. ఆ పుట్టినింటి జాడ పెండ్లినాఁటి వ్రాఁతలలో వెదకవలయును.

1955 నాఁటి హిందూ వివాహ చట్టము నమోదునకు వీలు కల్పించెను గాని తప్పనిసరి చేయలేదు. ఆంధ్రప్రదేశమున అది విధి యైనది 2002 నాఁటి చట్టముతో. కావున కావలి, అల్లూరు, కోట ప్రాంతములవారు తాతల పెండ్లికై ముందుగా ఇంటి పెట్టెలే తెఱవవలెను.

మొదటి యాధారము లగ్నపత్రిక. అందు సంవత్సరము, మాసము, తిథి, వారము, ఉభయ వంశముల పేరులు తఱచుగా నుండును. సంవత్సరనామము మాత్రము అఱువదేండ్ల కొకమాఱు తిరిగివచ్చును. ప్రభవ 1867లో వచ్చినది, మరల 1927లోను వచ్చినది. ఆ తిథి ఆ వారమున నేయేఁట పడినదో పాత పంచాంగములలో సరిచూచినచో సందియము తీఱును.

రెండవది ప్రవర. ఆ యాచారముగల కుటుంబములలో వివాహవేళ వధూవరు లిరువురి ప్రపితామహ, పితామహ, పితృనామములు చదువుదురు. పురోహితుని యింట ఆ కాగితము చిక్కినచో ఇరువైపుల మూఁడేసి తరములు తెలియును. కాగితము లేనిచో తర్పణములు విడుచువారి నడుగుఁడు. మాతామహ వర్గము పేరులును వారికి కంఠస్థములై యుండును.

మూఁడవది పసుపుకుంకుమల భూమి. స్థిరాస్తిదానమునకు రిజిస్టరీ యావశ్యకమని 1882 నాఁటి ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. కూఁతునకు భూమి యిచ్చిన దస్తావేజులో తండ్రి పేరును, అల్లుని పేరును, ఊరును కానవచ్చును. 1908 నాఁటి రిజిస్ట్రేషను చట్టము ననుసరించి సబురిజిస్ట్రారు కచేరిలోని మొదటి పుస్తకమును, దాని సూచికలను రుసుము చెల్లించి యెవరైనను చూడవచ్చును. ఒక సూచిక పేరులకు, రెండవది ఆస్తులకు. దస్తావేజు తేదీ పెండ్లి తేదీయే యని మాత్రము తలఁపరాదు. భూమి యేండ్ల తరువాత నిచ్చియుండవచ్చును.

క్రైస్తవులకు చర్చి వివాహపుస్తకము లాధారము. నెల్లూరిలో అమెరికను బాప్టిస్టు మిషను 1840లో మొదలైనది. 1872 నాఁటి క్రైస్తవ వివాహ చట్టము నమోదును విధించినది. మహమ్మదీయులు ఖాజీగారి నికా దఫ్తరు నడుగవలెను.

సముద్రపుతేమయు, చెదలును, తుపానులును మన కాగితములను మిగులనీయవు. కాగితముకంటె ముందే జ్ఞాపకము పోవును. కావున నేఁడే మీ యింటి వృద్ధస్త్రీ కడఁ గూర్చుండి ఆమె పుట్టినింటిపేరు, ఊరు, తల్లి పుట్టినింటిపేరు, పెండ్లి జరిగిన సంవత్సరము అడిగి, విన్న తేదీతో వ్రాసియుంచుఁడు. ఆ పుట యొక్కటి లేకున్న తక్కిన దస్తావేజులలో ఎవరిని వెదకవలయునో తెలియదు.