జొన్నరొట్టెకు నెయ్యి ఎందుకు? రైతుకు అర్థమయ్యే ఆయుర్వేద మూలసూత్రాలు



చేనుకు తెగులు వస్తే ప్రకృతి వ్యవసాయం చేసే మనం ముందు మందు డబ్బా వెతకం. నేల ఎట్లుంది, తేమ ఎంతుంది, ఏ కాలం నడుస్తుంది అని చూస్తాం. ఆయుర్వేదం మనిషి ఒంటిని చూసేది కూడా ఇట్లనే.

మూడు దోషాలు

నేల, నీరు, నిప్పు, గాలి, ఆకాశం. ఈ పంచభూతాలే ఒంట్లో మూడు దోషాలుగా పనిచేస్తాయని ఆయుర్వేదం చెప్తుంది.

- వాతం (గాలి, ఆకాశం): కదలిక దీని పని. గుణం పొడి, చల్లన. పెరిగితే కీళ్లనొప్పులు, మలబద్ధకం, నిద్రలేమి.
- పిత్తం (ముఖ్యంగా నిప్పు): అరుగుదల, వేడి. పెరిగితే కడుపులో మంట, పుల్లటి తేన్పులు.
- కఫం (నీరు, నేల): బలం, జిగట. పెరిగితే దగ్గు, పడిశం, ఒళ్లు బరువు.

ఇందులో ఏదీ చెడ్డది కాదు. సమంగా ఉంటే ఆరోగ్యం, తప్పితే రోగం. అసలు సూత్రం ఒక్కటే: అదే గుణం తోడైతే దోషం పెరుగుతుంది, ఎదురు గుణం తోడైతే తగ్గుతుంది.

మన నేల, మన తిండి

వాగ్భటుని అష్టాంగహృదయం నేలను మూడు రకాలు చేసింది. పొడి నేల జాంగలం, అక్కడ వాతం ఎక్కువ. తేమ నేల అనూపం, అక్కడ కఫం ఎక్కువ. రెంటికీ మధ్యది సాధారణం. మన నారాయణపేట మెట్ట చేలు జాంగలానికి దగ్గర. కృష్ణా ఒడ్డున వరి మడుల దగ్గర తేమ వేరు.

మెట్టలో పండే జొన్న, కంది రెండూ ఆయుర్వేదం లెక్కన పొడి గుణమే. పొడి నేలలో పొడి తిండి అంటే వాతం పెరుగుతుంది. అట్లని రొట్టె మానేయాల్సిన పని లేదు. వేడి రొట్టెకు కొంచెం నెయ్యి, పప్పుకు ఎల్లిపాయ, జీలకర్ర, ఇంగువ పోపు. విరుగుడు మన వంటింట్లోనే ఉంది.

కాలం కూడా చూడాలి. వానాకాలంలో జఠరాగ్ని మందగిస్తుంది, తేలికగా, వేడిగా తినాలి. చలికాలంలో ఆకలి బలంగా ఉంటుంది, బలమైన తిండి అరుగుతుంది.

మొక్కకూ అదే లెక్క

సురపాలుడు వృక్షాయుర్వేదంలో చెట్లకూ ఈ మూడు దోషాలే చెప్పాడు. ఆకులు పసుపెక్కి, కాయలు ముందే రాలితే పిత్తం అన్నాడు. నళినీ సాధలే ఇంగ్లీషు అనువాదాన్ని 1996లో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ అచ్చువేసింది. ఇప్పుడు రైతులు చేసుకుంటున్న కుణపజలం ఆ గ్రంథంలో ఉన్నదే.

ఇది మరవొద్దు

ఇవన్నీ ఒంటిని కాపాడుకునే పద్ధతులు. షుగర్, బీపీ గోళీలు సొంతంగా ఆపొద్దు. భస్మాలు, లేహ్యాలు చదువుకున్న ఆయుర్వేద డాక్టరు చెప్తేనే వాడాలి. పాము కరిచినా, పురుగుమందు ఒంట్లోకి పోయినా ఆకు పసరుతో ఆలస్యం చేయొద్దు. 108కి ఫోన్ చేసి వెంటనే దవాఖానకు పోవాలి.

ఒక వారం మీ తిండి, నిద్ర, అరుగుదల గమనించి రాసుకోండి. చేనును చూసే కంటితోనే ఒంటినీ చూసుకోండి.