గల్ఫ్ కాదవ్వా, గోల్ఫ్

పిల్లలిద్దరికీ టోపీలు పెట్టి, నీళ్ల సీసాలు సంచిలో సర్దుతుంటే ఎక్కడికని మా అవ్వ అడిగింది. "గోల్ఫ్‌కు పోతున్నం అవ్వా" అన్నాను. బియ్యం చెరుగుతున్న చాట కింద పెట్టేసింది. "గల్ఫ్‌కా? గింత గింత పోరగాండ్లను గల్ఫ్‌కెందుకు తోల్కపోతవురా?" ఆమె గొంతులో నిజమైన భయం ఉంది. నాకు నవ్వు రాలేదు.

మాది జగిత్యాల పక్క పల్లె. అక్కడ 'గల్ఫ్‌కు పోయిండు' అన్నారంటే ఆ ఇంట్లో పిల్లలు తండ్రి దగ్గర లేకుండా పెరుగుతున్నారని అర్థం. మా బాపు 1989లో బొంబాయి వెళ్లి విమానం ఎక్కినప్పుడు నాకు ఏడేళ్లు. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చేవాడు. వచ్చిన వారానికే మళ్లీ ఎప్పుడు వెళ్తాడోనన్న దిగులు మొదలయ్యేది. మొత్తానికి 2011లో శంషాబాద్‌లో దిగి ఇంటికొచ్చాడు. ఈ విమానాశ్రయం 2008 మార్చి 23న మొదలైంది. మరుసటి ఏడాది నేను ఇక్కడ కార్గోలో ఉద్యోగానికి చేరాను. అప్పటి నుంచి శంషాబాదే మా ఊరు. ఇప్పుడు బాపు, అవ్వ మా దగ్గరే ఉంటున్నారు. పాప రెండో తరగతి, బాబు యూకేజీ.

చిన్నపిల్లలను గోల్ఫ్ మైదానానికి తీసుకెళ్తానంటే ఆశ్చర్యపోయేవాళ్లే ఎక్కువ. అది డబ్బున్నవాళ్ల ఆట కదా, పెద్దవాళ్ల ఆట కదా, పిల్లలకు అక్కడేం పని అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబు చెప్పాలంటే ముందు ఒక క్యాసెట్ గురించి చెప్పాలి.

క్యాసెట్‌లో పిట్ట

గల్ఫ్ ప్రాంతంలో పచ్చగడ్డి పరిచిన మొదటి గోల్ఫ్ మైదానం 1988లో దుబాయ్‌లోని ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్‌లో మొదలైంది. అంతకుముందు అక్కడివాళ్లు ఇసుక మీదే ఆడుకునేవారు. తర్వాత ఒక్కొక్కటిగా వచ్చిన పచ్చని మైదానాల్లో ఒకదానిలో బాపుకు పని దొరికింది. పొద్దు పొడవకముందే గడ్డి కత్తిరించాలి, ఇసుక గుంటలు చదును చేయాలి, నీళ్లు పెట్టాలి.

ఆ రోజుల్లో ఫోన్ అంటే ఖర్చు. బాపు తన మాటలు క్యాసెట్‌లో రికార్డు చేసి, ఊరొచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. మేం టేప్ రికార్డర్ చుట్టూ కూర్చుని వినేవాళ్లం. ఆయన మాటల వెనక 'చిక్ చిక్ చిక్' అని ఒక చప్పుడు ఆగకుండా వచ్చేది. దుబాయ్‌లో ఉండే పిట్ట అనుకునేవాణ్ని. ఒక క్యాసెట్‌లో ఆయన అన్నాడు: "శుక్రవారం దొరలు పిల్లలను తీస్కొని వస్తరు బిడ్డా. మీ ఈడు పోరగాండ్లే. చిన్న చిన్న కట్టెలు పట్టుకొని గడ్డిల తిరుగుతరు." ఆ మాట తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. పిట్ట మాత్రం అరుస్తూనే ఉంది.

2017లో ఒక సహోద్యోగి నన్ను గోల్కొండ దగ్గరున్న హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌కు అతిథిగా తీసుకెళ్లాడు. శంషాబాద్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద హిమాయత్‌సాగర్ పక్కగా వెళ్లి, అప్పా జంక్షన్‌లో దిగి, బండ్లగూడ, లంగర్‌హౌస్ మీదుగా వెళ్లాలి. మొఘలుల దాడుల తర్వాత కుతుబ్ షాహీలు కోటకు అదనంగా కట్టుకున్న నయాఖిలా గోడల పక్కన ఆ మైదానం ఉంటుంది. తెల్లవారి ఆరున్నరకు కారు దిగానో లేదో ఆ చప్పుడు వినిపించింది. చిక్ చిక్ చిక్. గడ్డికి నీళ్లు చిమ్ముతూ తిరిగే స్ప్రింక్లర్! పాతికేళ్లు నేను పిట్ట అనుకున్నది అది. ఆటేమిటో కూడా తెలియకముందే నేను ఈ ఆటకు దొరికిపోయాను.

మూడు హోల్స్ చాలు

పూర్తి ఆటకు 18 హోల్స్, అంటే బంతి పడేయాల్సిన 18 గుంతలు. పెద్దవాళ్లకే నాలుగు గంటలు పడుతుంది. ఆ లెక్క తెలిసి కూడా నేను మొదటిసారి తప్పు చేశాను. పాపకు అప్పుడు నాలుగేళ్లు. నేను తొమ్మిది హోల్స్ ఆడితే వెంట నడుస్తుందనుకున్నాను. మూడో హోల్ దగ్గర గడ్డిలో చతికిలబడింది. వెనక ఆటగాళ్లు ఎదురుచూస్తున్నారని కసురుకున్నాను. ఇంటికొచ్చే దారి పొడవునా నాతో మాట్లాడలేదు.

పిల్లలను తీసుకెళ్లిన రోజు మన స్కోరు సంగతి మరిచిపోవాలని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు వాళ్లుంటే మూడు హోల్స్ కన్నా ఎక్కువ పెట్టుకోను. చాలాసార్లు అదీ ఉండదు. బంతులు కొట్టడం సాధన చేసే డ్రైవింగ్ రేంజ్‌లో అరగంట, గుంతల చుట్టూ గడ్డి పొట్టిగా కత్తిరించి ఉండే ప్రాక్టీస్ గ్రీన్ మీద అరగంట గడిపి, ఇడ్లీ తినేసి ఇంటికొచ్చేస్తాం. ఇంకాసేపు ఉందాం నాన్నా అని వాళ్లు అడుగుతుండగానే బయల్దేరాలి. విసుగు పుట్టేదాకా ఉంచితే మళ్లీ రారు.

ఆట నేర్పడం కూడా చివరి నుంచే మొదలుపెట్టాలి. గుంత వ్యాసం 108 మిల్లీమీటర్లు, అంటే నాలుగంగుళాలకు కొంచెం ఎక్కువ. దానికి రెండడుగుల దూరంలో బంతి పెట్టి, బంతిని దొర్లించే చిన్న కర్ర, పటర్, చేతికిస్తే మూడేళ్ల బిడ్డ కూడా దొర్లిస్తుంది. బంతి లోపల పడ్డప్పుడు వచ్చే 'టక్' శబ్దం పిల్లలకు పెద్ద బహుమతి. గుంతలో చెయ్యి పెట్టి బంతి తీయడానికి మా వాడు పోటీ పడతాడు. దూరంగా కొట్టడం తర్వాత ఎప్పుడైనా వస్తుంది. పెద్దవాళ్ల పాత కర్రను కోసి ఇవ్వకండి. కురచైనా బరువు తగ్గదు, మణికట్టుకు భారం. బిడ్డ ఎత్తుకు తగ్గట్టు తేలికగా చేసిన కర్రలు దొరుకుతాయి. ఇంట్లో అయితే ప్లాస్టిక్ సెట్టు చాలు.

ఇక జాగ్రత్తల విషయంలో మొహమాటం పనికిరాదు. గోల్ఫ్ బంతి బరువు 46 గ్రాముల లోపే, కానీ మామూలు ఆటగాడు కొట్టినా గంటకు 200 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. కర్ర ఊపు అంతకన్నా దగ్గరి ప్రమాదం. అందుకే మా ఇంట్లో నియమం ఒకటుంది: ఎవరు కర్ర ఎత్తినా మిగతావాళ్లు వాళ్ల ముఖానికి ఎదురుగా, పదడుగులు ఎడంగా, బంతి వెళ్లే దారికి వెనకగా నిలబడాలి. కొట్టేవాళ్లకు కనబడని చోట ఎప్పుడూ ఉండకూడదు. ఎవరైనా "ఫోర్" అని కేకేస్తే బంతి మన వైపు వస్తున్నట్టు. తలెత్తి వెతకకుండా చేతులు తల మీద పెట్టుకుని కూర్చుండిపోవాలి. ఇది ఇంట్లోనే ఆటలా పదిసార్లు ఆడించాను. గడ్డికి మందులు కొడతారు కాబట్టి బంతి నోట్లో పెట్టుకోనివ్వొద్దు, తినే ముందు చేతులు కడిగించాలి. బగ్గీలో వేలాడనివ్వొద్దు. ఉరిమిందంటే ఆట ఆపి లోపలికి వచ్చేయాలి. బయలు మైదానంలో నిలబడితే పిడుగును పిలిచినట్టే.

పిల్లల వయసు, అతిథుల సంగతి, వేళలు క్లబ్బుకో తీరుగా ఉంటాయి. ఒకచోట మమ్మల్ని గేటు దగ్గరే ఆపేశారు. ముందు రోజు ఫోన్ చేసి కనుక్కుంటే ఇద్దరు పిల్లల మొహాలు అలా వాడిపోయేవి కావు.

పిల్లలకు అక్కడ పని

ఊరికే నిలబడమంటే ఏ బిడ్డా నిలబడదు. పని చెప్తే నిలబడుతుంది. జెండా కర్ర పట్టుకోవడం బాబు పని. గ్రీన్ మీద బంతి పడి గుంట పడితే చిన్న ఫోర్కుతో అంచులు లోపలికి నెట్టి సరిచేయడం పాప పని. కానీ పాపకు అన్నింటికన్నా ఇష్టమైంది బంకర్. బంకర్ అంటే బంతికి అడ్డంగా పెట్టిన ఇసుక గుంట. అందులోంచి బంతి కొట్టాక, మన అడుగుల గుర్తులు మిగలకుండా అక్కడున్న పళ్లకర్రతో ఇసుక సదరాలి.

మొదటిసారి నేను సదురుతుంటే పాప చూసి, "నాన్నా, గట్ల కాదు. బాపమ్మ లెక్క చెయ్యాలె" అంది. మా అవ్వ వాకిలి ఊడ్చేటప్పుడు వెనక్కి నడుస్తూ, తన అడుగులు తానే చెరిపేసుకుంటూ గడప దాకా వస్తుంది. ముగ్గు వేసే చోట కాలి గుర్తు ఉండకూడదు. పాప అచ్చం అలాగే, నడుం వంచి వెనక్కి వెనక్కి జరుగుతూ గుంట బయటికొచ్చింది. ఇసుక మీద గీతలు సమానంగా పరుచుకున్నాయి. మన తర్వాత వచ్చేవాళ్ల కోసం చోటు శుభ్రంగా వదలాలన్న ఈ ఆట మర్యాదను నేను నేర్పకముందే వాళ్ల బాపమ్మ నేర్పేసింది.

పనులు అయిపోతే చూడటానికి ఎన్నో ఉన్నాయి. తీతువు పిట్ట గూడు కట్టదు, నేల మీదే రాళ్ల మధ్య మచ్చల గుడ్లు పెడుతుంది. దగ్గరికి వెళ్తే తల మీద తిరుగుతూ గోల చేస్తుంది. నయాఖిలాలో హతియాన్ కా ఝాడ్ అనే బావోబాబ్ చెట్టుంది. ఆఫ్రికా జాతి చెట్టు, నాలుగొందల ఏళ్ల పైబడినదంటారు. మొదలు చుట్టుకొలత 27 మీటర్లు. మా ఇంటిల్లిపాదీ చేతులు కలిపినా ఒక పక్కకు కూడా రాలేదు.

ఎవరు ఎవరిని తీసుకెళ్లారు?

గోల్ఫ్ ఆటగాడు సాహిత్ తీగల పేరు వినే ఉంటారు. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లినవాళ్లు. టీవీలో టైగర్ వుడ్స్ ఆట చూసి ముచ్చటపడ్డ తండ్రి మురళీధర్, కొడుకును చిన్నప్పుడే మైదానానికి తీసుకెళ్లాడు. 2023 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలోని నాపాలో సాహిత్ మొదటి పీజీఏ టూర్ టైటిల్ గెలిచినప్పుడు అమ్మానాన్నలు అక్కడే ఉన్నారు.

బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ కథ నాకు ఇంకా ఇష్టం. ఐదేళ్లప్పుడు అమ్మానాన్నలతో టిఫిన్‌కు వెళ్లి, పక్కనే గోల్ఫ్ ఆడుతున్నవాళ్లను చూసి తనూ ఆడతానంది. ఆ ఇద్దరికీ అప్పటికి ఆట రాదు. బిడ్డే వాళ్లను మైదానంలోకి తీసుకెళ్లింది! 2016 రియో ఒలింపిక్స్‌లో నాన్న క్యాడీగా ఆమె సంచి మోశాడు, టోక్యోలో అమ్మ మోసింది. టోక్యోలో అదితి నాలుగో స్థానంలో నిలిచింది.

మరో ఆటగాడు ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గడ్డి పని చేసేవాడు. 1829లో పుట్టిన క్లబ్ అది. ఆ పచ్చిక పక్కనే పెరిగిన కొడుకు చూసి చూసి ఆట పట్టుకున్నాడు, 2016లోనూ 2017లోనూ ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఈ సంగతి బాపుకు చెప్తే చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "ఆయిన కొడుకు ఆయిన కండ్ల ముంగట ఉండె" అన్నాడు.

ఇవి చెప్పింది మీ పిల్లలు ఛాంపియన్లవుతారని ఆశ పెట్టడానికి కాదు. లక్షల్లో ఒకరికి ఆ యోగం. మిగతా పిల్లలకు దక్కేది ఒక ఉదయం: ఫోన్ జేబులోంచి తీయని తండ్రి, బంతి వెంట అతనితో కలిసి నడక. నా చిన్నతనంలో నాకు లేనిది అదే. అందుకే అంటున్నాను, మీకు ఇష్టమైన చోటు గోల్ఫ్ మైదానమైనా చెరువు గట్టయినా పిల్లలను వెంట తీసుకెళ్లండి. తర్వాత చూసుకుందాం అనుకుంటే వాళ్లు పెద్దవాళ్లయిపోతారు.

తాత చెప్పిన పాఠం

బాపును చాలా రోజులు బతిమాలితే కానీ మైదానానికి రాలేదు. వచ్చినరోజు కర్ర ముట్టలేదు. గ్రీన్ పక్కన గొంతుక్కూర్చుని అరచేయి గడ్డి మీద ఆనించాడు. "గరికనే" అన్నాడు. నిజమే. గోల్ఫ్ మైదానాల్లో మన ఎండకు తట్టుకునేలా వేసే బెర్ముడా గడ్డి మన గరిక జాతే. గ్రీన్ మీద దాన్ని మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరిస్తారు. పొట్టిగా ఉన్నా అది ఒక పక్కకు వాలి పెరుగుతుంది. బాపు బాబును ఒళ్లోకి లాక్కుని చూపించాడు. "ఇటు సూడు, మెరుస్తుందా? అంటే గడ్డి మన తాననుంచి అవతలికి వాలింది. బంతి ఉరుకుతది. అటు నుంచి సూడు, నల్లగ కొడ్తుంది. ఎదురు గడ్డి. జర గట్టిగ కొట్టాలె." ఏళ్ల తరబడి ఆటగాళ్ల కోసం కత్తిరించిన గడ్డి గురించి ఆయన ఒక బిడ్డకు చెప్పడం నేను చూడటం అదే మొదలు.

మొన్నటి వినాయక చవితికి అవ్వ గరిక పోచలు కట్టలు కట్టి పిల్లల చేతికిచ్చింది. పాప గబగబా పెట్టేసింది. బాబు మాత్రం ఒక్కో పోచను కొనలన్నీ ఒకే వైపుకు ఉండేలా వినాయకుడి ముందు పేరుస్తూ కూర్చున్నాడు. హారతి చల్లారిపోతోందని అవ్వ తొందరపెట్టింది.

"ఆగు బాపమ్మా" అన్నాడు. "ఇటు వాలితేనే బంతి ఉరుకుతది. తాత చెప్పిండు."

అవ్వ హారతి పళ్లెం పట్టుకుని అట్లాగే నిలబడింది. వెనక మంచం మీద కూర్చున్న బాపు లేచి వచ్చి, మనవడి పక్కన కూర్చుని, మిగిలిన పోచలు ఒక్కొక్కటే అందించాడు.